పడుకున్న గొర్రె లేచేదాకా

మా ఇంటి వెనక గొర్రెల దొడ్డిలో ఇప్పుడొక ఎర్ర కారు ఉంటుంది. పొద్దున్నే తడిక పక్కకు జరిపి లోపల అడుగు పెడితే ముందు కాలిన ఆయిల్ వాసన, దాని వెనకే ఎన్నిసార్లు కడిగినా నేలను వదలని గొర్రె పెంటికల వాసన, ఈ రెండింటి అడుగున ఎక్కడో తడిసిన గొంగడి వాసన ముక్కుకు తగులుతాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆయిల్ కంపు కారుతోనే వచ్చిందనుకుంటారు. నాకు మాత్రం అది ఈ దొడ్డికి పాత చుట్టమే. మా తాత మల్లయ్య మునగాల రోడ్డు మీద లారీలు బాగుచేసేవాళ్ళు పారబోసే నల్ల ఆయిల్‌ను డబ్బాలో పట్టుకొచ్చి, గజ్జి లేచిన జీవాలకు కోడి ఈకతో రాసేవాడు. మిగిలిన డబ్బాను దూలానికి వేలాడదీసేవాడు. దాని చుక్కలు నా బడి చొక్కా మీద పడితే తిట్లు మాత్రం నాకే పడేవి.

మాది మునగాలకు దగ్గర్లో ఒక చిన్న పల్లె, తాతల కాలం నుంచి గొర్రెలు కాసుకునే ఇల్లు. ఎండాకాలం సెలవులు రాగానే నేను తాత వెంట మందను తోలుకుని మిర్యాలగూడ దిక్కు పోయేవాణ్ణి. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలైపోయి, ఎండిన మడుల్లో వరి కొయ్యకాళ్ళు మాత్రమే మిగిలే రోజులవి. ఎరువు కోసం రైతులు మందను తమ పొలంలో నిలపమని పిలిచేవాళ్ళు. తాతకు తంబాకు, నాకు బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం తుమ్మచెట్టు నీడన కూర్చుని, జొన్నరొట్టెలో ఎల్లిపాయ కారం, పచ్చి ఉల్లిగడ్డ నంజుకుని తిని, కాలువ అడుగున మిగిలిన గుంటల్లో చేపపిల్లలను చేతులతో తోడి, సాయంత్రం దాకా చిర్రగోనె ఆడి, బియ్యం మిల్లుల వైపు నుంచి గాలి మళ్ళినప్పుడల్లా ఉడికిన వడ్ల వాసన పీలుస్తూ గడిపిన ఆ నెలన్నరలో నేను ఒక్కసారి కూడా అద్దంలో ముఖం చూసుకున్న గుర్తు లేదు. పీరీల పండుగ ఎండాకాలంలో పడిన ఏడాదైతే చెప్పనక్కర లేదు. ఏ ఊరి పొలంలో ఉంటే ఆ ఊరివాళ్ళు మలీద ముద్దలు ఆకులో కట్టి తెచ్చేవాళ్ళు, వాటిలోని నెయ్యి వాసన నా గొంగడికి వారం దాకా ఉండేది.

తాత జీవాలను ఎంత నమ్మేవాడో మనుషులను అంత అనుమానించేవాడు. సూర్యాపేట అంగడికి గొర్రెలు కొనడానికి పోతే ఆయన అనుమానం ఇంటి దగ్గర చెప్పులు వేసుకున్నప్పుడే మొదలయ్యేది. అమ్మేవాడు బీడీ ఇస్తే ఏదో దాస్తున్నాడనేవాడు. ఇవ్వకపోతే అంత పొగరెందుకనేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు అబద్ధాలకోరు, మాట్లాడనివాడు అంతకంటే గట్టివాడు. బిడ్డల మీద ఒట్టు పెట్టినవాడి ముఖం మళ్ళీ చూసేవాడు కాదు. ఉప్పు నాకించి నీళ్ళు తాపితే బక్క గొర్రె కడుపు కూడా నిండుగా కనబడుతుందని, మేం పొద్దు పొడవకముందే అంగడికి చేరేవాళ్ళం.

"మ్యాత పడకముందుగాల్నే సూడాలెరా. కడుపు నిండినంక ముసలి గొర్రె గూడ పోరి లెక్కనే కనవడతది" అనేవాడు.

చూడడమంటే మామూలు చూపు కాదు. గొర్రె నోరు తెరిచి పండ్లు లెక్కపెట్టి, వీపు మీద ఉన్నిలోకి వేళ్ళు పోనిచ్చి ఎముక తడిమి, చివరికి బొటనవేలితో కంటి రెప్ప తిప్పి చూసేవాడు. రెప్ప లోపల ఎర్రగా ఉంటే ఆరోగ్యం, తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో పురుగు. అక్కడిదాకా నేను కన్నార్పకుండా చూసేవాణ్ణి. ఆ తర్వాత గొర్రెను అంగడి చుట్టూ తిప్పించేవాడు. ఆ తిప్పుడు నాకు విసుగు, అందుకని తాత ఇచ్చిన రూపాయి బిళ్ళ పట్టుకుని మిర్చి బజ్జీల బండి దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. నేను కారంతో మండే నోరు ఊదుకుంటూ తిరిగొచ్చేసరికి ఆ అమ్మేవాడూ తాతా ఒకే గొంగడి మీద కూర్చుని, వాన గురించో కాలువ గురించో మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. గొర్రె పక్కన పడుకుని నెమరు వేస్తుండేది. చాలాసేపటికి గాని ఇద్దరూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర మాట్లాడుకునేవాళ్ళు కాదు. అంత తొందరగా వచ్చి ఇంత ఆలస్యం ఎందుకు చేస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

ఐదో తరగతిలో నాకొక నోట్‌బుక్ కొనిచ్చారు. దాని అట్ట మీద ఎర్ర కారు బొమ్మ. ముందు లైట్లు మూసుకుంటే బానెట్‌లో కలిసిపోతాయి, వేస్తే రెప్పలు తెరిచినట్టు పైకి లేస్తాయి. ఆ పుస్తకంలో ఒక్క లెక్క కూడా చేయలేదు, ఖరాబవుతుందని. తాతకు చూపిస్తే బొమ్మను ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగనే ఉన్నదిగని, దీని రెప్ప తిప్పి సూసుడెట్లరా?" అన్నాడు.

ఇన్నేళ్ళకు నేను సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. తాత పోయాక మందను అమ్మ నెట్టుకొచ్చింది. పోయిన ఎండాకాలం ఆమె మోకాళ్ళు మొండికేశాయి, కాసేవాళ్ళు దొరకలేదు, చివరికి మిగిలిన జీవాలన్నీ ఒక్కరోజే లారీ ఎక్కాయి. ఆ వారమే కోదాడలో అదే ఎర్ర కారు అమ్మకానికుందని తెలిసింది. జపాన్ వాళ్ళ పాత బండి. అందరి ఇంజన్లలో లాగా పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవు, సమోసా ఆకారంలో ఉన్న ఇనుప ముక్క గుండ్రంగా తిరుగుతుంది. నేను ఆశపడుతున్నానని అమ్మ కనిపెట్టి, గొర్రెల పైసలు నా ముందు పెట్టింది.

"చిన్నప్పటిసంది అడుగుతున్నవ్ గదా, తీస్కో. గని జర సూసి తీస్కో బిడ్డా. ఇవి మీ తాత జీవాలు" అంది.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. తాత మందను తీసుకుపోయి ఇనుప సామానుకు పోశానని అమ్మ అనకపోవచ్చు, నేను అనుకోకుండా ఉండలేను.

అమ్మేది సత్యంగారని, అరవై ఏళ్ళ మెకానిక్. కోదాడలో రోడ్డు వెనక సందులో షెడ్డు. నేను వచ్చేదాకా బండి ముట్టుకోవద్దని ముందు రోజే ఫోన్లో గట్టిగా చెప్పాను. పొద్దు పొడవకముందే చేరి, పలకరింపు కూడా కాకముందే బానెట్ మీద అరచేయి పెట్టాను. మంచు ముద్దలా చల్లగా ఉంది. కాగితాలు ఒకటికి మూడుసార్లు చూశాను, టైర్లు గిల్లాను, లైట్లు వేయించి ఆ రెప్పలు లేచేచోట వేలు పెట్టి తడిమాను. తాళం తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. సత్యంగారు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు కాదండీ చూడాల్సింది. ఓ ఇరవై కిలోమీటర్లు తోలి, వేడెక్కాక ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. ఈ ఇంజన్ల సంగతి అప్పుడు తెలిసిద్ది."

నాలోని తాత లేచి కూర్చున్నాడు. ఇంజన్ వేడెక్కించడమంటే ఉప్పు నాకించి నీళ్ళు తాపడమే కదా అనుకున్నాను. వద్దన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దన్నాను. చివరికి, "వేడి మీద కాస్త మొరాయిస్తుందండీ, తర్వాత నన్ననుకోవద్దు" అన్నాడు. తన సరుకును తానే తిట్టుకునేవాడు లోకంలో ఉంటాడా? నాకంటే మంచి బేరం ఎవరిదో తగిలింది, నన్ను బెదరగొట్టి పంపాలని చూస్తున్నాడు అని తేల్చుకున్నాను. అక్కడికక్కడే సంతకాలు పెట్టించుకుని, దొంగను పట్టుకున్నంత సంబరంగా బండి తీసుకుని బయల్దేరాను.

మునగాలలో ఒక దాబా ముందు చాయ్ కోసం ఆపాను. చాయ్ తాగి తాళం తిప్పితే ఇంజన్ గిరగిరా తిరుగుతుంది గాని అందుకోదు. పదిసార్లు తిప్పాను. లారీ డ్రైవర్లు చుట్టూ మూగి ఒకరు తోద్దామన్నారు, ఒకరు లాగుదామన్నారు. నా కళ్ళకు కారు కనబడ్డం లేదు, లారీ ఎక్కుతున్న మా గొర్రెలే కనబడుతున్నాయి. సత్యంగారికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు మాట్లాడాను.

"నీ బండి రోడ్డు మీద సచ్చింది. గిట్ల మోసం చేస్తవనుకోలే."

"అక్కడే ఉండండి, వస్తున్నా" అని పెట్టేశాడు. రాడనుకున్నాను. అరగంటలో మోపెడ్ మీద వచ్చాడు, బానెట్ ఎత్తి దేన్నీ ముట్టుకోకుండా వదిలేసి, రెండు చాయ్‌లు చెప్పి నా పక్కన నులక మంచం మీద కూర్చున్నాడు.

"చల్లారాలండీ. లోపల తిరిగే ముక్కకి మూలలు అరిగాయి. చల్లగా ఉంటే తెలియదు, వేడి మీదే బయటపడిద్ది. పొద్దున చూపిద్దామంటే మీరు వేడెక్కనివ్వలా" అన్నాడు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "నచ్చకపోతే తాళం ఇచ్చేయండి, మీ డబ్బులు మీకిచ్చేస్తా" అన్నాడు.

అప్పుడు కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఇంత తేలిగ్గా వెనక్కి తీసుకుంటున్నాడంటే ఇందులో మతలబేమిటి అని ఆయన ముఖం వెతుకుతుండగానే అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అన్నీ చూశానని, అయినా ఇలా అయిందని చెప్పాను.

"పండుకోనిచ్చి లేపి సూసినవా?" అంది.

"ఏంది?"

"మీ తాత గొర్రెను నడిపిచ్చి, అలసినంక పండుకోనిచ్చి, అది లేసేదాంక పక్కనే కూసునేటోడు గద. నిలవడ్డప్పుడు అన్ని మంచిగనే ఉంటయ్ బిడ్డా. లేసేటప్పుడే కాలు సంగతి తెలుస్తది."

ఫోన్ పెట్టేశాక గాని నాకు తెలిసిరాలేదు. తాత గొంగడి మీద కూర్చుని వానల కబుర్లు చెప్పింది కాలక్షేపానికి కాదు, గొర్రె ఎలా లేస్తుందో చూడ్డానికి. అంతసేపు కూర్చుంటే అమ్మేవాడెలాంటివాడో కూడా తెలిసేదేమో. ఆయన అనుమానం మొత్తం నేర్చుకున్నాను గాని, ఆ కూర్చోవడం బజ్జీల బండి దగ్గర పోగొట్టుకున్నాను. నాకు సిగ్గేసింది.

"అన్నా, ఫోన్ల అన్న మాట మనసుల వెట్టుకోకు" అన్నాను.

"మీరే కాదండీ, ఎవరొచ్చినా ముందు బానెట్ మీద చెయ్యే వేస్తారు" అని ఆయన చాయ్ పూర్తిచేశాడు. కోదాడ ఎండల గురించి, కొడుకు నేర్చుకోనంటున్న ఈ పని గురించి చెప్పాడు. ఇంకో అరగంటకు కారు అందుకుంది. తాళం ఆయనకు ఇవ్వలేదు. అరిగిన మూలలకు కొత్త ముక్కలు తెప్పిస్తానని ఆయన అన్నాడు, ఎప్పుడని నేను అడగలేదు.

అవి ఇంకా రాలేదు. అందుకే ఎక్కడ ఆపినా చల్లారేదాకా కూర్చుంటాను. మిర్యాలగూడ రోడ్డు మీద అలా కూర్చుంటే ఇప్పుడు కోతలైన మడుల్లో మందలు కనబడవు, ఎరువు బస్తాల్లో వస్తోంది. అంగడిలో గొర్రెలను కాటా మీద తూచి అమ్ముతున్నారు, తువ్వాల కింద చేతులు పెట్టేవాళ్ళు లేరు, గొర్రె పడుకుని లేచేదాకా ఆగే తీరిక అటువాడికీ ఇటువాడికీ లేదు. నేను ఇంటికి రాగానే అమ్మ దొడ్డిలోకి వచ్చి బానెట్ మీద చేయి పెట్టి, "ఉడుకుగున్నది, పండుకోనీ" అంటుంది. నేను బయటికొచ్చి తడిక మూసి, అలవాటు కొద్దీ తాడు రెండుసార్లు చుట్టి ముడేస్తాను. లోపలి నుంచి తప్పించుకుపోయే జీవం ఒక్కటీ లేదు.