మిజింగా నడక

కాన్సర్ మందు ఎక్కించాక పట్టుకునే అలసట నిద్రతో తీరేది కాదని మిజింగాకు రెండో విడతకే తెలిసిపోయింది. మోంజే దగ్గరి పల్లెలో ఎడ్ల వెనక నాగలి పట్టిన మనిషి ఆమె. పొద్దంతా దున్ని, మొక్కజొన్న పిండితో న్షిమా ముద్ద వండి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఒళ్ళు తేలికపడేది. ఇప్పుడు వైద్యం కోసం వచ్చి, రాజధాని లుసాకాలో, చవామా పేటలోని ఆడపడుచు ఇంట్లో, ఏ పనీ లేకుండా పడుకుని లేచినా తడి ఇసుక నింపిన బస్తాలా ఉండేది.

ఆడపడుచు లుయాండో ఆమెను చీపురు కూడా ముట్టుకోనిచ్చేది కాదు. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే బ్వెంబ్యా మాత్రం రోజూ కాస్త నడవమంది. రొమ్ము తీసేసిన వైపు చెయ్యి భుజం దాటి లేవడం లేదు కనుక, గోడ మీద వేళ్ళను మెల్లగా పైకి పాకించమంది. మందులు నడుస్తుండగా ఒళ్ళు కదిలిస్తేనే నీరసం కొంతైనా తగ్గుతుందట. మిజింగాకు నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నీళ్ళకూ కట్టెలకూ పొలానికీ నడిచిందే. పని లేకుండా ఊరికే నడవడమేమిటో అర్థం కాలేదు.

అయినా నడిచింది. వీధి కుళాయి దాకా వెళ్ళి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఊపిరి కుదిరాక తిరిగొచ్చేది. కొన్నాళ్ళకు కుళాయి దగ్గరి ఆడవాళ్ళు లుయాండోను పట్టుకున్నారు. జబ్బు మనిషి చేత నీళ్ళు మోయిస్తున్నావా, పెట్టిన తిండికి పని రాబట్టుకుంటున్నావా అని దెప్పారు. లుయాండో మొహం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చింది. మర్నాడు మిజింగా చెప్పులు గుమ్మం దగ్గర లేవు.

మిజింగా వట్టి కాళ్ళతోనే బయల్దేరింది. మందుల వల్ల అరికాళ్ళు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. సీసా పెంకు దిగిన సంగతి ఆమెకు తెలియనే లేదు. తిరిగొచ్చాక నేల మీది నెత్తురు మొదట చూసింది లుయాండోనే. గరిట వదిలేసి, ఆమెను కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని కడగసాగింది.

“నొప్పెయ్యట్లేదా?”

“లేదు వదినా. అదే భయంగా ఉంది.”

“చెప్పులు నేనే దాచాను.”

“చూశాను, బొగ్గుల బస్తా వెనక. వంగి తీసుకునే ఓపిక లేకపోయింది.”

లుయాండో చేతులు ఆగాయి. “మా ఆయన కూడా ఇలాగే, కాస్త నయంగా ఉందని లేచి బజారు దాకా వెళ్ళొచ్చాడు. సాయంత్రానికి లేడు. ఆ కుళాయి కాడి వాళ్ళ మాటలకు కాదే పిల్లా. నువ్వు గుమ్మం దాటితే నాకు ఆయనే కనబడతాడు.”

“పడుకుని పడుకుని ఈ ఒళ్ళు నాది కాకుండా పోతోంది వదినా,” అంది మిజింగా. “నడిచినప్పుడైతే అలిసింది నేనే అని తెలుస్తుంది.”

ఆ నెత్తురు కాలితోనే ఇద్దరూ మినీబస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళారు. ఈ మందులు వాడుతున్నవాళ్ళకు చిన్న గాయం కూడా ప్రమాదమేనని చెప్పి, డాక్టరు కుట్లు వేసి మందులు రాశాడు. లుయాండో తిన్నగా బ్వెంబ్యా దగ్గరికి వెళ్ళి, నడిస్తే ఈమె చచ్చిపోదని మాటివ్వగలవా అని అడిగింది. అలాంటి మాట ఎవరికీ ఇవ్వలేనంది బ్వెంబ్యా. జ్వరమొచ్చినా కళ్ళు తిరిగినా వెంటనే ఇక్కడికి తీసుకురమ్మంది, తక్కిన రోజుల్లో ఓపికున్నంత నడిపించమంది, చెప్పులు లేకుండా మాత్రం అడుగు పెట్టనివ్వొద్దంది. మాటివ్వలేదు కాబట్టే లుయాండో ఆమెను నమ్మింది.

కాలు మానాక ఇద్దరూ కలిసి నడిచారు. భారీ మనిషి కావడంతో ముందు ఆయాసపడేది లుయాండోనే. కుళాయి దగ్గర ఒకామె, నీకూ ఆ జబ్బే పట్టుకుందా అని నవ్వింది.

“పట్టుకుంది. దగ్గరకొస్తే నీకూ తగులుకుంటుంది, జరుగు,” అంది లుయాండో.

అలసట మాత్రం పోలేదు. కొన్ని రోజులు మిజింగా గోడ దాకా కూడా వెళ్ళలేకపోయేది. అప్పుడు లుయాండో పక్కన కూర్చుని ఆ చేతిని తనే మెల్లగా ఎత్తి దించేది. వానలకు ముందు మందులు పూర్తయ్యాయి. మళ్ళీ పరీక్షలకు రావాలన్నారు.

ఆ ఏడు ఊరికి తిరిగొచ్చినా మిజింగా నాగలి పట్టలేదు. భర్త దున్నుతుంటే వెనకే జొన్న గింజలు విడుస్తూ నడిచింది. నాగటి చాలు చివర కూలబడింది. అతను ఎడ్లను ఆపి, ఆమె లేచేదాకా నిలబడ్డాడు.