బకెట్‌లో ఆక్సొలాటల్

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. కోస్తా నుంచి వచ్చి చైతన్యపురిలో అద్దెకుంటున్నాం. మా అమ్మాయి ముచ్చటపడి ఆక్సొలాటల్‌ను పెంచేది. చేపలా నీళ్లలోనే బతుకుతుంది కానీ దానికి నాలుగు కాళ్లు, మెడ చుట్టూ ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు.

ఒక బంద్ రోజు మండుటెండలో కరెంటు పోయింది. తొట్టిలో నీళ్లు వేడెక్కి, మొప్పలు పాలిపోయి అది పైకి తేలింది. ఎల్బీనగర్‌లో ఉండే పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"వేడికి అది బతకదు. నీళ్లు మెల్లగా చల్లబరుస్తూ తీసుకురండి. ఐసు నేరుగా వేయకండి" అన్నారు.

ఇంట్లో ఐసు లేదు. దాన్ని బకెట్‌లోకి మార్చి, బంద్‌కు బండ్లేవీ లేక నడక మొదలుపెట్టాను. మెయిన్ రోడ్డు మీద ఉద్యమకారులు నిరసనగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పెద్దాయన ఆపి, బకెట్‌లోకి తొంగిచూశాడు.

"గిదేందమ్మా, చేపకు కాళ్లున్నయ్?"

నా యాస వింటే ఏమంటారోనని భయపడుతూనే సంగతి చెప్పాను. వంట వదిలి అందరూ మూగారు. ఒకామె మజ్జిగ కోసం తెచ్చిన ఐసును కవర్లో ముడివేసి నీళ్లలో వేలాడదీసింది. కాసేపటికి అది మెల్లగా అడుగుకు దిగి కాళ్లు ఆనించింది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు పెద్దాయన.

"గుంటూరండీ" అన్నాను.

"మరి దీనిది?"

"మెక్సికో అట."

"గంత దూరంకెళ్లి ఒచ్చిందా? జర పైలంగ తీస్కపో" అని దారి ఇచ్చాడు.

అది బతికింది. మనుషుల గురించి నాకున్న భయాల్లో చాలావరకు ఆ రోజే పోయాయి.