గుండ్రటి కప్పు కింద

పంజగుట్ట దగ్గర ఒక నవాబు తాను సేకరించిన చిత్రాలు నలుగురూ చూడాలని కొత్త తరహా భవనం కట్టించాడు. కమాన్లు లేవు, మినార్లు లేవు. ముందుగోడ విల్లులా వంగి ఉండేది. నడిమి హాలు మీద, స్తంభమన్నదే లేకుండా, గుండ్రటి సిమెంటు కప్పు. ఆ కప్పు వేసేటప్పుడే నా భర్త పరంజా మీంచి పడ్డాడు. ఆయన మేస్త్రీ. తుంటి విరిగి నెలల తరబడి మంచం పట్టాడు. లేచాక కూడా కర్ర పట్టుకుని అమీర్‌పేటలో మా ఇంటి అరుగు దాకా వచ్చేవాడు, అంతే.

భవనం తెరిచాక చూసి వచ్చిన ప్రతివాణ్ణీ పిలిచి కూర్చోబెట్టేవాడు. "కప్పు ఎట్లుంది? వాననీళ్లు కారుతున్నయా?" అని అడిగేవాడు. "నువ్వే పోయి చూడరాదె అన్నా" అంటే మాత్రం ముఖం తిప్పుకునేవాడు.

ఒక పొద్దున ఇక ఊరుకోలేకపోయాను. "ఇయ్యాల పోదాం, నడు" అన్నాను.

"నేను రాను. నా తుంటి ఇరగ్గొట్టిన ఇల్లు అది."

"నువ్వు కట్టిన ఇల్లు సుత అదే."

నడిచే పోయాం. దారిలో ఎక్కడ రాయి కనబడితే అక్కడ కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. తీరా గేటు దగ్గర చౌకీదారు ఆపాడు.

"ఇయ్యాల జనానా. ఆడోళ్లకే. రేపైతె అందరు రావచ్చు."

మా ఆయన ముఖం తేటపడింది. "మంచిగైంది. పా, ఇంటికి పోదాం."

"నువ్వు గీ నీడకు కూసో. నేను చూసొస్త."

అలాంటి చోటికి ఒంటరిగా పోవడం అదే మొదటిసారి. బురఖాల మధ్య, పట్టుచీరల మధ్య కొంగు బిగించి నడిచాను. గోడల నిండా చిత్రాలు. ఒకదాంట్లో వానలో తడుస్తున్న గేదెలుంటే నవ్వొచ్చింది. తర్వాత తలెత్తాను. ఆయన పడింది అంత ఎత్తు నుంచా అనుకున్నాను. గోడకు ఆనుకుని చాలాసేపు ఆ కప్పునే చూశాను.

బయటికి రాగానే ఆయన లేచి ఎదురొచ్చాడు. "పగుళ్లున్నయా? చెప్పు జర."

"చెప్ప. రేపు నువ్వే చూస్తవు."

"గింత దూరం మల్ల నడవాల్నా?"

"నడవాలె."

మర్నాడు నన్ను తిట్టుకుంటూనే నడిచాడు. హాల్లో కప్పు కింద నిలబడి అంచు వెంట చూపు తిప్పాడు. ఒకచోట ఆగి, "గక్కడ" అన్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "నేను పడ్డంక మావోళ్లు మంచిగనే పూర్తి చేసిన్రు." కర్ర సర్దుకుని నావైపు తిరిగాడు. "ఇగ బొమ్మలు చూపియ్యి" అన్నాడు.

ఆ వారమే గుత్తేదారు దగ్గరికి పోయి, పైకెక్కలేను గానీ కింద నిలబడి పని చేయిస్తానన్నాడు. గుత్తేదారు వద్దన్నాడు. మళ్లీ పోయాడు. మళ్లీ వద్దన్నాడు. చివరికి ఖైరతాబాద్‌లో ఒక ఇంటి పునాదుల పని అప్పజెప్పాడు. పనికి పోయే మొదటి పొద్దున జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చాను. వీధి మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్లాడు.