సవతి పువ్వు

గునుగు పువ్వును మా అత్తమ్మ సవతి అంటుంది. పండగ ఆఖరున వచ్చే సద్దుల బతుకమ్మకు ముందురోజు నేను సంచి నిండా గునుగు కోసుకొస్తే, అరుగు మీది నుంచి చూసి, వచ్చిందా సవతి అని మూతి తిప్పుకుంటుంది. అదంతా ఉత్తుత్తి కోపమే. అచ్చంపేట దగ్గరి ఊళ్ళో జొన్నచేన్లలో, పత్తిచేన్లలో ముప్పై ఏళ్ళు కలుపు తీసిన మనిషి ఆమె. ఆ కలుపులో సగం గునుగే. పీకిన కొద్దీ మొలిచేదట.

నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం వెలగబెడుతున్నానే గానీ, నాకు బతుకమ్మ పేర్చడం రాదు. మామ ఉన్నన్నాళ్ళూ అత్తమ్మే పేర్చేది. ఎంత ఎత్తు లేపినా ఇసుమంతైనా వంగేది కాదు. మామ పోయాక ఆమె పూలు ముట్టడం మానేసి అరుగెక్కి కూర్చుంది. మొగుడు పోయిన ఆడది ముట్టకూడదని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఆమే పక్కకు జరిగింది, మేమంతా చూస్తూ ఊరుకున్నాం. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది. అప్పట్నుంచి ఆమె పైనుంచి చెప్పడం, నేను కింద కూర్చుని పేర్చడం. ఏటా మా బతుకమ్మ మూడో వరసకే ఒక పక్కకు ఒరిగేది.

కిందటేడు పంతానికి పోయాను. ఒక్కో వరస మా ఇంటి ఆడవాళ్ళలో ఒక్కొక్కరి పేరున పెట్టాలనుకున్నాను. గుమ్మడాకుల మీద మొదట తంగేడు, మా అమ్మకు. ఎండకూ రాళ్ళకూ జడవని పువ్వు అది, మా అమ్మా అంతే. దాని మీద ఎర్రటి సీతజడ, నా బిడ్డకు. దువ్వెనకు లొంగని జుట్టు దానిది. ఆ పైనంతా గునుగు, అత్తమ్మకు. రంగులు అద్దకుండా, చేన్లో ఎట్లా ఉంటుందో అట్లా తెల్లగానే ఉంచాను. రంగెయ్యవా అని అత్తమ్మ అరుగు మీది నుంచి అడిగింది. ఇది నీ వరస, నీ పువ్వు నీలాగే ఉండనీ అన్నాను. ఆమె ముఖం అటు తిప్పుకుంది.

సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా బతుకమ్మలు బయటికి తెస్తున్నారు. నాది గడప దాటిందో లేదో, తెల్ల వరసలన్నీ ఒక్కసారిగా పక్కకు జారాయి. నా రెండు చేతులూ తాంబాళం కిందే ఉన్నాయి. అత్తమ్మ అరుగు దిగి వచ్చి ఆ పూలను రెండు అరచేతులతో అదిమి పట్టుకుంది.

వీధి వీధంతా చూసింది. పక్కింటి పెద్దమ్మ చెడ్డ మనిషేం కాదు. మెల్లగానే అంది.

"వదినె, నువ్వు ముట్టద్దు గదా."

అత్తమ్మ చేతులు పూల మీదే ఆగాయి. ఇప్పుడు చేతులు తీసిందంటే ఇక జన్మలో ఆ అరుగు దిగదని నాకు తెలుసు. నేనేదో అనబోయాను. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు.

"ముప్పై ఏండ్లు కలుపుల దీన్ని ముట్టిన. గప్పుడు ఎవ్వరు ముట్టద్దన్లే. గిప్పుడెట్లంటరు?"

పెద్దమ్మ తల దించుకుంది. అత్తమ్మ వీధిలోనే చతికిలబడి నా వరసలన్నీ విప్పేసింది. కాడలు సమంగా కోయలేదు కాబట్టే జారాయని అందరి ముందూ నన్ను తిట్టి, కత్తి తెమ్మంది. పిడికెడు పిడికెడు గునుగు దారంతో కట్టి, కాడలు ఒక్క తీరుగా కోసి, నడిమి ఖాళీలో ఆకులు కూరుతూ పేర్చుకుంటూ పోయింది. ఆడేవాళ్ళు ఆట ఆపి చుట్టూ చేరారు. ఆమె లేచేసరికి మా బతుకమ్మ నా మోకాలు దాటింది, ఎటూ వంగలేదు. గెలిచింది ఆమె, గాల్లో తేలింది నేను. దాన్ని ఆమే నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

ఈ ఏడు సద్దుల నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. పక్కింటి పెద్దమ్మ. చేతిలో ఖాళీ తాంబాళం, చంకలో గునుగు కట్ట. తమది కూడా జర నిలబెట్టమని అడిగింది. అత్తమ్మ ఆ కట్ట అందుకుని, ఎగాదిగా చూసి, నా వైపు తిరిగింది.

"సవతులు ఎక్కువైన్రు బిడ్డా. ఇంకో కత్తి తే."