మా అత్త నేర్పిన శిగం

మా మేనత్తను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషి మాత్రం బంగారం. నా మేలు కోరింది కాబట్టే నా కొంప ముంచింది. గిట్టని మనిషైతే ఆమె మాట నేను వినేదాన్నే కాదు.

మాది ఆలేరు దగ్గర పల్లెలో గొర్లు కాసే ఇల్లు. ఎదురింటి బావకూ నాకూ మనసు కలిసింది. వరుస కుదిరింది, కులం కుదిరింది. కుదరనిదల్లా మా నాయినకూ వాళ్ల నాయినకూ. ఒక పొట్టేలు ఎవరి మందదని తగువుపడి, ఆ పొట్టేలు చచ్చిపోయిన తర్వాత కూడా మాట్లాడుకోలేదు ఆ మహానుభావులు. ఇంతలో మా నాయిన నాకు కట్టంగూరు సంబంధం ఖాయం చేసి వచ్చాడు.

బావ ఒకటే మాట అన్నాడు. "ఆలేరుల రైలెక్కుదాం పా. సికింద్రాబాదుల కూలి దొరుకుతది. దొరక్కుంటె పస్తులుందాం." నేను సరేనని మూట కూడా కట్టాను. ఆ మూట మా అత్త కంటపడింది.

అత్త తిట్టలేదు, ఏడ్చింది. వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చిన మనిషి, నేనంటే ప్రాణం. "నువ్వు లేచిపోతె మీ నాయిన బతకడు బిడ్డా. నేనున్న గద, ఇజ్జత్ తోని పెండ్లి చేపిస్త" అని మూట విప్పి, నా చీరలు మళ్లీ దండెం మీద వేసింది. తర్వాత మా ఊరి దర్జీ తాత దగ్గరికి పోయింది. బావ తన గోడంతా వెళ్లబోసుకునేది ఆ తాత దగ్గరే. పెద్దలిద్దరూ కూర్చుని ఉపాయం తేల్చారు. బోనాల నాడు నాకు శిగం రావాలి. ఎల్లమ్మ తల్లి నా ఒంటి మీదికి వచ్చి కట్టంగూరు సంబంధం వద్దని చెప్పాలి.

"బావకు ఇయ్యమని గూడ చెప్తె అయిపాయె గద" అన్నాను.

"అన్ని ఒక్కసారి అడిగితె అనుమానమొస్తది" అంది అత్త. "ఈ ఏడు గా సంబంధం ఇడగొడదాం. వచ్చే ఏడు గీ ముచ్చట చెప్పిద్దాం."

"బావకైనా చెప్పాల్నా?"

"వద్దు. మొగోళ్ల కడుపుల మాట దాగదు."

తాత కూడా బావకు "జర సబర్ చెయ్ బేటా, ఓపిక పడితె అంత మంచే అయితది" అని తప్ప ఇంకేమీ చెప్పలేదు.

గొర్ల కొట్టంలో అత్త నాకు శిగం నేర్పింది. నేను జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఊగుతుంటే, "మెడ ఇంక ఊపు. నవ్వకు, పండ్లు కనవడ్తన్నయి" అనేది. ఒకరోజు గొర్లు నన్ను చూసి బెదిరి మూలకు చేరాయి. అప్పుడుగానీ అత్తకు తృప్తి కలగలేదు.

బోనాల నాడు డప్పులు మోగాయి. ఊగుతుంటే ఎదురుగా మా ఊరి పటేలు కనిపించాడు. ఎల్లమ్మకు మొక్కిన మేకపోతును ఆయన చాటుగా అమ్ముకోవడం, గొర్ల వెంట తిరుగుతూ నేను చూశాను. "నా పోతు ఏదిరా?" అని గద్దించాను. అది అత్త నేర్పింది కాదు, నోటికి వచ్చింది, అనేశాను. పటేలు నేల మీద సాగిలపడ్డాడు. నిజం చెప్పాలంటే నాకు భలే హాయిగా ఉండింది. ఆ ఊపులోనే కట్టంగూరు సంబంధం వద్దన్నాను. నాయిన చెంపలు వేసుకుని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

పాఠం బాగా అప్పజెప్పానా అని అత్త వైపు చూశాను. ఆమె వణికిపోతూ పసుపునీళ్లతో నా కాళ్లు కడుగుతోంది.

ఇంటికి వచ్చాక, "అత్తా, ఊగింది నేనే గద" అన్నాను.

ఆమె నా నోరు మూసింది. "తప్పు. పటేలును అడగమని నేను చెప్పిన్నా? గది తల్లే."

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం మా వాకిట్లో జనమే జనం. పిల్లకు జ్వరమని ఒకరు, బర్రె పాలివ్వడం లేదని ఒకరు. నాతో పని చేయించడం ఇంట్లో మానేశారు. నా పెళ్లి మాట ఎత్తడమూ మానేశారు. బావ తల్లి మా అత్తతో అంటుంటే నా చెవినే పడింది. "తల్లిని కోడలుగ తెచ్చుకొని గిన్నెలు తోమిపిస్తమా? ఆమెకు కోపమొస్తె మా ఇల్లేం గాను?" నిజమేనని మా అత్త తలూపింది. ఈమే నా పెళ్లి ఇజ్జత్ తో చేయిస్తానన్నది.

ఇక ఆగలేక బావను బావి కాడ పట్టుకున్నాను. నన్ను చూడగానే అతను చెప్పులు విడిచాడు.

"బావా, గదంత ఉత్తదే. అత్త నేర్పింది. రైలెక్కుదాం పా."

"నన్ను పరీక్ష పెట్టకు తల్లీ" అని చేతులు జోడించాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అతను భయపడి ఇంటికి పరుగెత్తాడు. మర్నాడు ఎల్లమ్మ తల్లి శాంతించాలని వాళ్లింటి నుంచి చీర, గాజులు వచ్చాయి.

వచ్చే బోనాలు రాకముందే, ఎండాకాలంలో బావకు వేరే పిల్లతో పెళ్లి చేశారు. పెళ్లి అంగీ కుడుతూ దర్జీ తాత కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. "సబర్ చెయ్యమన్న. పోరడు నిజంగనే చేసిండు" అన్నాడట.

కొత్త జంట యాదగిరిగుట్టకు పోయి, అటునుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. అత్త నన్ను పీట మీద కూర్చోబెట్టి ముఖానికి పసుపు రాసింది. ఇద్దరూ నా కాళ్ల మీద పడ్డారు.

"దీవించమ్మా" అన్నాడు బావ. నన్ను పిల్లా అని పిలిచిన నోరే అది. వాకిట్లో అందరూ నా వైపే చూస్తున్నారు.

"అను బిడ్డా" అని అత్త నా చెవిలో గొణిగింది.

ఎన్నడూ బావ చెయ్యి కూడా పట్టుకోని నేను, అతని తల మీద అరచెయ్యి పెట్టాను.

"సల్లగుండు బిడ్డా" అన్నాను.