వేరు కాపురం పెట్టిన డేటాబేస్

చెవి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడను అందరూ సర్వరమ్మ అంటారు. ఆ పేరే అలవాటైపోయి, ఫోనెత్తితే ఆవిడా అదే చెబుతుంది. మాట పెళుసు, చెయ్యి దూకుడు. ఆ దూకుడే ఆ రోజు కొంప ముంచింది.

వినికిడి మిషన్లు పెట్టుకున్న వాళ్ళలో ఎవరి చెవికి ఎంత శబ్దం కావాలో ఆ వివరాలన్నీ ఒక పాత సర్వరులోని డేటాబేస్‌లో ఉంటాయి. అది ముసలిదైపోయింది, కొత్త వెర్షన్ వెయ్యక తప్పదు. కొత్త వెర్షనేమో తనకు ఒకానొక లైబ్రరీ, అదీ కొత్తదే, కావాలని భీష్మించింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ప్రోగ్రాములు ఆధారపడే ఫైళ్ళ మూట. మిషన్లను చెవికి తగ్గట్టు సరిచేసే ప్రోగ్రాముకు అదే లైబ్రరీ పాతది కావాలి. రెండింటికీ పొసగదు. కొత్తది రావాలంటే పాతది తీసేయాలి, సరేనా అని సర్వరు మర్యాదగానే అడిగింది. సర్వరమ్మ పైవరుస మాత్రం చదివి సరేనంది.

డేటాబేస్ లేచింది, సరిచేసే ప్రోగ్రాము పడుకుంది. బయట హాల్లో జనం మిషన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. పాత లైబ్రరీని మళ్ళీ తెచ్చుకుందామంటే, అంత పాత సిస్టమ్‌కు పనికొచ్చేది ఇంటర్నెట్‌లోంచి ఎప్పుడో తీసేశారు.

చివరికి సర్వరమ్మ సిగ్గు విడిచి, తనకు ఈ పని నేర్పి ఈ ఆసుపత్రిలోనే రిటైరైపోయిన బాబాయ్‌కి ఫోన్ చేసింది. ఎత్తింది ఆయన భార్య.

"ఆయనకు ఫోన్లో వినపడదమ్మా. నువ్వు చెప్పు, నేను అరుస్తాను" అంది పిన్ని.

ఆ అరుపుల మీద తేలిందేమిటంటే, బాబాయ్ ఏ మార్పు చేసినా ముందు అప్పటికున్న ప్రోగ్రాములూ లైబ్రరీలూ అన్నీ ఒక డిస్కులో దాచేవాడట. ఆ డిస్కు సర్వరు గదిలోనే కింది అరలో, చిక్కుపడ్డ వైర్ల వెనక దొరికింది. ఆ అరను చెత్తకుండీ అని వెక్కిరించింది ఈ మహాతల్లే.

పాత లైబ్రరీని దాని చోట కూర్చోబెట్టింది. కొత్త డేటాబేస్‌కు వేరే ఫోల్డరిచ్చి, దాని లైబ్రరీ దానికి అప్పజెప్పి వేరు కాపురం పెట్టించింది. ఒకదాని జోలికి ఒకటి పోకుండా రెండూ బుద్ధిగా పనిచేశాయి. ఒక్కొక్కరే మిషన్లు సరిచేయించుకుని వెళ్ళారు. హాలు ఖాళీ అయ్యాక సర్వరమ్మ కుర్చీలో కూలబడి, బెంగ తీరేదాకా ఏడ్చింది.

కృతజ్ఞత చెబుదామని మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ పిన్నే. బాబాయ్ చెవి మిషను చాన్నాళ్ళుగా కీచుమంటోందట. ఆసుపత్రిలో పనిచేసే పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఇక్కడికి రావడం మానేశాడట. మర్నాడు సర్వరమ్మ తనే వెళ్ళి, వద్దంటున్నా వినకుండా ఆయన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

మిషను సరిచేయడం అయ్యాక ఆయన ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతోనే అంది.

"బాబాయ్, మీరు దాచి ఉంచకపోతే నిన్న నా పని అయిపోయేది. మీ మేలు మర్చిపోలేను."

బాబాయ్ ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇంకోసారి చెప్పు."

"వినపడలేదా?"

"వినపడిందమ్మా. అందుకే చెప్పమంటున్నాను."