ముప్పై ఏడో పడవ

మా ఊళ్లో ఒకసారి నలుగురు పెళ్లికొడుకులు ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వచ్చింది. ముహూర్తాలు కుదరక కాదు, ముప్పై ఏడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య నలభై ఒకటి కాబట్టి. ఆ నలుగురి ఉసురూ నాకే తగిలి ఉండాలి.

అరవైల మొదట్లో సంగతి. పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. రొయ్యల కాలంలో రోజుకు ఆరు పడవలే, ఆరు చోట్ల వలలు వేయాలి. పెళ్లయిన మగవాడికి ఒక వంతు. మొత్తం ముప్పై ఆరు వంతులు, రోజుకు ఆరుగురు, వరస ప్రకారం. ముందున్నవాడికి మొదటి చోటు, సముద్రపు నీళ్లు లోపలికొచ్చే మొగ పక్కన. చివరివాడికి ఆరో చోటు, ఒట్టి బురద. ఆరు రోజులయ్యాక మళ్లీ మొదటినుంచి.

మా అన్నయ్యకు ఆ ఏడే పెళ్లయింది. వంతు రాకపోతే వదినతో గూడూరు వెళ్లి నిమ్మకాయల మూటలు మోయాల్సిందే. వదిన పెట్టె కూడా సర్దేసింది. ఊరిపెద్ద మాత్రం కదల్లేదు.

"ఆరార్లు ముప్పై ఆరు, సరిగ్గా కుదిరింది గదా! ఈ ఒక్కడు ఏడ ఇరుక్కుంటాడు? ఇంకో అయిదు పెండ్లిళ్లు గానీ, అప్పుడు జూద్దాం."

ఆయనది ఒకటో వంతు. పుట్టి బుద్ధెరిగాక మొగ పక్కన తప్ప వల వేసి ఎరగడు!

నేనప్పుడు దొరవారిసత్రం బళ్లో ఎనిమిదో తరగతి. బోర్డు చివరిదాకా సాగే ప్రధాన సంఖ్యలున్నాయని అయ్యవారు చెప్పేవారు. నాకు ముప్పై ఏడే కొండంత. నాన్న కళ్లెర్రజేస్తున్నా వినకుండా పెద్దల మధ్యకు పోయి, ఇసుకలో వరసకు ఆరు చొప్పున చింతపిక్కలు పేర్చాను.

"ముప్పై ఆరయితే ఆరోవాడికి ఎప్పుడూ ఆరో చోటే. మా అన్నను కలపండి. ఏడో రోజు మొదటి చోటు అన్నది, ఒకటోవాళ్లు రెండో చోటికి జరగతారు. ఎనిమిదో రోజునించి ఆరోవాళ్లు ఒక్కొక్కరే మొగ కాడికి. వానలప్పుడు నాలుగు చోట్లే వేసినా ఇంతే. ముప్పై ఏడుని ఏదీ సమంగా కొయ్యలేదు."

ఆరో వంతు తాత వంగి, ఆ పిక్కల్ని తానే మూడుసార్లు పేర్చి చూసుకున్నాడు.

"అయితే మొగ కాడికి నేను గూడా పోతానా పాపా?"

"ఎనిమిదో రోజే పోతావు తాతా."

ఆరో చోటు వాళ్లంతా లేచి నిలబడ్డారు. ఊరిపెద్ద వాళ్ల మొహాలు చూసి, నా మొహం చూసి, "రాసుకోండిరా. ఇకమీదట గూడా ఏదీ కొయ్యలేని లెక్క కుదిరితేనే కొత్త వంతులు" అన్నాడు. వదిన ఆ సాయంత్రమే పెట్టె విప్పేసింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఎనిమిదో రోజు తాత కోసం ఒడ్డునే కాచుకున్నాను. బుట్టలో రొయ్యలు అడుగు కూడా నిండలేదు. నాకు తలకొట్టేసినట్టయింది.

"రొయ్యలు పడలేదా తాతా?"

"పడకపోతే పోనీలే. నలభై ఏండ్లు కదలని నీళ్లలో వలేసినాను," అన్నాడు, తడి చెయ్యి నా తలమీద పెట్టి. "ఆడ నీళ్లు నడస్తా ఉండాయి పాపా."